పిల్లి ఆనుకున్న గోడ

కత్తెరమ్మకి తోడికోడలంటే కడుపుమంట. ఈ ముక్క ముందే చెప్పేస్తే మనకి బోలెడంత డొంకతిరుగుడు తప్పుతుంది. ఆవిడనడిగితే మాత్రం ఛస్తే ఒప్పుకోదు. "నాకెందుకమ్మా ఆ గొడవలు, నా మిషను నాది, నా జాకెట్లు నావి" అంటుంది. అంటూనే మెట్లవైపు ఒక కన్నేసి ఉంచుతుంది.

మెట్లంటే పై వాటాకి వెళ్ళే మెట్లు. ఇల్లు ఒకటే, వాటాలు రెండు. కింద కత్తెరమ్మ, ఆవిడ మొగుడు, ఎనిమిదేళ్ళ కూతురు. ఒక్క చోట కుదురుగా ఉండదని కూతుర్ని పిచ్చుక అంటారు. పైన మరిది, అతని పెళ్ళాం. కత్తెరమ్మ వీధిగదిలో మిషను పెట్టుకుని ఆడవాళ్ళకి బట్టలు కుడుతుంది గనక వీధివాళ్ళు ఆవిడకి ఆ పేరు పెట్టారు. మొగుడిది కరెంటు పని, అందుకని అతను కరెంటాయన. ఇక పైనున్న అమ్మాయికి కత్తెరమ్మే మనసులో ఒక పేరు పెట్టుకుంది, మేడమ్మ అని. ఎదురుగా మాత్రం "అమ్మాయ్" అనే పిలుస్తుంది.

మేడమ్మ చేసిన తప్పేమిటయ్యా అంటే, ఏమీ లేదు. అదే పెద్ద తప్పయి కూర్చుంది. గొంతెత్తి ఒక మాటనదు, "అక్కా" అని తప్ప పిలవదు. పోట్లాడదామంటే ఎక్కడా పట్టు దొరకదు. పైన గాలి బాగా వస్తుంది, దానికి కత్తెరమ్మ ఏడుపు. పైవాళ్ళ బట్టలు గంటలో ఆరిపోతాయి, దానికీ ఏడుపే. ఆ అమ్మాయి కాపురానికి వస్తోందని ఐదేళ్ళ కిందట పై వాటా కట్టి, రంగులు వేసి, కిటికీలకి అద్దాలు పెట్టారు. తను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున స్నానాలగదికి లోపలి గడియ కూడా లేదు. ఆ గడియ సంగతి కత్తెరమ్మ ఈ రోజుకీ మర్చిపోలేదు.

వైరు సంగతి జరిగింది కూడా ఆ పై వాటా కట్టినప్పుడే.

కరెంటాయనకి పనిలో ఒక అలవాటుంది. ఏ ఇంటి పని ఒప్పుకున్నా, ముందు రోజే స్విచ్చిబోర్డుల మూతలన్నీ నేల మీద వరసగా పేర్చుకుని, ఏ బోర్డుకి ఏ వైరు వస్తుందో మూత లోపలివైపు పెన్సిలుతో రాస్తాడు. రాత ముందు, పని తర్వాత. రేపు తను లేకపోయినా, ఇంకెవరు మూత విప్పినా, చదువుకుని పని చేసుకుంటారు. చుట్టుపక్కల కరెంటు పని చేసేవాళ్ళందరికీ ఆ దస్తూరీ తెలుసు. ఆయన రాశాడంటే ఇంక వాళ్ళు వేరే చూసుకోరు.

పై పడకగది బోర్డు మూత మీద "ఏసీ, లావు వైరు" అని రాశాడు. తమ్ముడిది మంచి ఉద్యోగం, ఇవాళ కాకపోతే రేపైనా ఏసీ కొంటాడని అతని ఆలోచన. లావు వైరు చుట్ట ఒకటి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. కత్తెరమ్మ కన్ను దాని మీద పడింది.

"ఇదెవరికండీ?"

"పైకి. ఏసీకి."

"మరి మన గదికి?"

"మనకి ఏసీ ఎక్కడుందే?"

"వాళ్ళకి మాత్రం ఉందా? పెళ్ళికూతురు ఇంకా గడప తొక్కనే లేదు, అప్పుడే దానికి వైరు వచ్చేసిందా? ముందు మన గదికి వెయ్యండి. మనం మాత్రం ఎప్పటికీ కొనుక్కోమా?"

రెండు రోజులు ఇదే పాట. అన్నం పెడుతూ ఇదే, పక్క వేస్తూ ఇదే. మూడో రోజు అతనికి విసుగొచ్చి లావు వైరు కింది గదిలోకి లాగేశాడు. పైకి, లైట్లకి వాడగా మిగిలిన సన్న వైరు వేశాడు. అది రెండు గజాలు తక్కువైతే, గోడ మధ్యలో ఇంకో ముక్క మెలేసి టేపు చుట్టాడు. గోడ లోపల అతుకు వెయ్యడం ఆ మనిషి జన్మలో అదే మొదలు. పక్కన టార్చి పట్టుకుని నిలబడింది కత్తెరమ్మే.

"దీనికి ఫ్యానూ లైటూ అయితే చాలు" అన్నాడు అతను, మెయిన్ దగ్గర ఆ వైరుకి అన్నిటికన్నా చిన్న ట్రిప్ స్విచ్ బిగిస్తూ. "ఎక్కువ లాగితే ఇదే పడిపోతుంది. వాళ్ళు ఏసీ కొన్న రోజు నాకు చెప్పు, మార్చేస్తాను. ఈ వైరు దానికి సరిపోదు."

మూత మీద రాత మాత్రం చెరపలేదు. మర్చిపోయాడో, ఎలాగూ మారుస్తాను కదా అనుకున్నాడో.

కత్తెరమ్మ చెవికెక్కింది ఆ చివరి మాటొక్కటే. సరిపోకపోవడమంటే ఆవిడకి బాగా తెలుసు. గుడ్డ సరిపోకపోతే చేతులు పొట్టివవుతాయి, మరీ తక్కువైతే జాకెట్టే అవదు. అంతేగాని గుడ్డ చాలలేదని ఎవరి గోడా వేడెక్కదు. ఆవిడకి తెలిసిన లోకం అది.

ఈ వేసవికి కరెంటాయన ఇంట్లో లేడు. ఎక్కడో దూరాన పెద్ద ఆసుపత్రి కడుతుంటే అక్కడ పనికి వెళ్ళి నాలుగు నెలలైంది. రోజూ సాయంత్రం ఫోను చేస్తాడు. అతను అలా ఉండగా పైకి ఏసీ వచ్చింది.

ఆ రోజు కత్తెరమ్మ మిషను ముట్టుకోలేదు. మంచినీళ్ళు ఇచ్చే నెపం మీద మూడుసార్లు మెట్లెక్కింది. ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్కు బోర్డు మూత విప్పి, లోపల చదివి నవ్వాడు.

"అన్న ఎప్పుడో లావు వైరు వేసి పెట్టాడండి. మన పని సగం అయిపోయినట్టే."

బిగించాడు. ఏసీ పది నిమిషాలు తిరిగి టప్పున ఆగిపోయింది. ట్రిప్ స్విచ్ ఎత్తితే మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ టప్. నిజం చెప్పొద్దూ, కింద నిలబడ్డ కత్తెరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కొత్త చీర కట్టుకున్నంత సంబరంగా ఉంది ఆవిడకి. మెకానిక్కు మళ్ళీ మెట్లు దిగి మెయిన్ దగ్గరికి వచ్చాడు.

"లావు వైరుకి ఇంత చిన్నది పెట్టాడేంటి అన్న? ఆ పూట చేతికందింది పెట్టేసుంటాడు" అని తనలో తనే అనుకుంటూ దాన్ని పీకేసి, దానికి మూడింతలది బిగించాడు.

కత్తెరమ్మ అతనికి బెత్తెడు దూరంలో ఉంది, చేతిలో నీళ్ళ చెంబుతో. అది లావు వైరు కాదు బాబూ అంటే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్తే ఎందుకు కాదో కూడా చెప్పాలి, ఆ లావు వైరు ఎక్కడికి పోయిందో చెప్పాలి, మేడమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని "అవునా అక్కా" అని వింటుంది. ఛీ, ఆ పిల్ల ముందా? పైగా ఎలాగూ సరిపోదు. రెండ్రోజుల్లో అదే ఆగిపోతుంది. ఆగిపోనీ. ఆ రెండ్రోజులూ వాళ్ళు విసనకర్రతో విసురుకుంటుంటే తను కింద నుంచి చూస్తుంది. అలా అనుకుని మాట మింగేసింది. ఆ సాయంత్రం మొగుడు ఫోను చేస్తే పాల ప్యాకెట్టు పగిలిన సంగతి దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. ఏసీ మాట మాత్రం ఎత్తలేదు.

ఏసీ ఆగలేదు. రెండు రోజులు కాదు, నెల గడిచినా ఆగలేదు.

ఇంక చూడాలి కత్తెరమ్మ అవస్థ. బడికి సెలవులు. మధ్యాహ్నం అన్నం తినడం ఆలస్యం, పిచ్చుక రివ్వున మెట్లెక్కేసేది. "పిన్ని గది ఎంత చల్లగా ఉంటుందో తెలుసా అమ్మా", "పిన్ని ఇవాళ నాకు రెండు జడలు వేసింది", "పిన్ని అస్సలు కసరదు". తొమ్మిది నెలలు మోసింది తను, జ్వరమొస్తే రాత్రుళ్ళు కూర్చున్నది తను, చివరికి పిల్ల నోట్లో నానే పేరేమో పిన్నిది. కత్తెరమ్మ మిషను జోరుగా తొక్కి, దారం తెగితే దారాన్ని తిట్టేది.

మేడమ్మ ఒకసారి తలుపు దగ్గరికొచ్చి, "ఎండలో ఎందుకక్కా, గుడ్డలు తెచ్చుకుని పైన కూర్చుని కుట్టుకోరాదా" అంది.

"నాకా ఏసీ గాలి పడదమ్మాయ్. కీళ్ళు పట్టేస్తాయి" అంది కత్తెరమ్మ, నుదుటి మీంచి చెమట కారి చేతిలోని గుడ్డ మీద పడుతుండగా.

పిల్ల పోతే పోయింది, ఆఖరికి పిల్లి కూడా పోయింది. మసి అని ఒక నల్ల పిల్లి ఉంది ఆ ఇంట్లో. రెండేళ్ళుగా మిషను కింద గుడ్డపీలికల గుట్టలో పడుకునేది. ఎవరు పిలిచినా కదలదు, కత్తెరమ్మ కాలు తగిలితేనే లేస్తుంది. అలాంటిది వారం రోజుల్నుంచి ఆ గుట్ట ఖాళీ. "మసి కూడా పైనే పడుకుంటోందమ్మా, పుస్తకాల అలమరలో, గోడకి ఆనుకుని" అని పిచ్చుక కిలకిలా నవ్వుతూ చెప్పింది. "ఏసీ గదిలో పడుకుని దానికి చలేస్తోంది కాబోలు, గోడని వదలదు."

కూతుర్నంటే ఏమీ అనలేకపోయింది గానీ పిల్లి విషయంలో కత్తెరమ్మ ఓర్చుకోలేకపోయింది. చేతిలో జాకెట్టు విసిరికొట్టి మెట్లెక్కింది. ఆ పిల్లిని మెడ పట్టుకుని తెచ్చేసుకుంటే తప్ప ఈ పూటకి మనశ్శాంతి లేదు.

తలుపు దగ్గరగా వేసుంది. తోసింది. చల్లటి గాలి మొహానికి తగిలింది, హాయిగా ఉంది, ఆ హాయికి ఇంకా ఒళ్ళు మండింది. చాప మీద పిచ్చుక నిద్రపోతోంది. పక్కనే మేడమ్మ, ఒక చెయ్యి పిల్ల నడుం మీద వేసుకుని తనూ నిద్రపోతోంది. ఆ చేతిని కత్తెరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత అలమర దగ్గరికి పోయి పిల్లి నడుం కింద చెయ్యి పెట్టి ఎత్తింది.

పిల్లి ఒక పక్క మామూలుగా ఉంది. గోడవైపున్న పక్క మాత్రం వేడిగా కాలుతోంది.

అరచెయ్యి గోడకి ఆనించి వెంటనే వెనక్కి లాక్కుంది. ఇస్త్రీపెట్టె వేడి ఎంతుందో రోజుకి వందసార్లు వేలితో తట్టి చూసే మనిషి. ఆ చెయ్యి పొరబడదు. పైకి తడిమింది, కిందికి తడిమింది. ఒకే ఒక్క చోట ఆ వేడి, సరిగ్గా ఐదేళ్ళ కిందట తను టార్చి పట్టుకున్న చోట. ముక్కు దగ్గరగా పెడితే నైలాను గుడ్డ మీద ఇస్త్రీపెట్టె మర్చిపోయినప్పటి వాసన. ఆ గోడకి మూరెడు దూరంలో ఉంది పిచ్చుక తల.

కత్తెరమ్మ పిల్లిని వదిలేసింది. ఎలా దిగిందో తెలియదు, మెట్లు దిగి మెయిన్ లాగేసింది. ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. మళ్ళీ పరుగున పైకొచ్చి, నిద్రలో ఉన్న పిల్లని అమాంతం ఎత్తుకుని, "లే అమ్మాయ్, కిందికి నడు, ఏమీ అడక్కు" అని తోడికోడల్ని భుజం పట్టి లేపింది. పిల్లి వాళ్ళకన్నా ముందే దిగిపోయింది.

సాయంత్రానికి మరిది వచ్చాడు, మెకానిక్కు వచ్చాడు. గోడ పగలగొట్టారు. లోపల వైరు దూర్చిన ప్లాస్టిక్ పైపు కరిగి వంకర తిరిగింది, అతుకు దగ్గర టేపు మాడి బొగ్గయింది. మెకానిక్కు ఆ సన్న వైరు ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుని, మూత మీది రాతనీ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇది లావు వైరా? అన్న రాత చూసి నేను నమ్మాను. ఆ నమ్మకంతోనే ట్రిప్ స్విచ్ మార్చాను. ఇంకో నాలుగు రోజులుంటే అలమర అంటుకునేది. ఆ పక్కనే పాప పడుకుంటుందంటున్నారు."

"బావగారు ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదు" అంది మేడమ్మ మెల్లగా.

మరిది ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టి అన్నకి చేశాడు. జరిగింది చెప్పాడు.

"తప్పు నాదేరా" అన్నాడు కరెంటాయన. "ఆ రోజు వైరు తక్కువైంది. తర్వాత మార్చాల్సింది, మార్చలేదు. రేపు బయల్దేరి వస్తున్నాను."

అంతే. పెళ్ళాం పేరెత్తలేదు. కత్తెరమ్మ ఊపిరి పీల్చుకోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు, టార్చి పట్టుకున్న సంగతి ఆవిడకీ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. కానీ పనిలో వంక పెట్టించుకోని మనిషి, ఆ రాతని పదిమంది కళ్ళు మూసుకుని నమ్మేంత పేరున్న మనిషి, ఒక పనివాడి ముందు తప్పు నాదే అన్నాడు. అది విని కత్తెరమ్మ నిలువునా నీరైపోయింది.

"ఆయన కాదు, నేను" అంది. "లావు వైరు మీకోసమే తెచ్చారు. నేనే పోట్లాడి నా గదికి వేయించుకున్నాను. ఏసీ కొంటే చెప్పమని ఆయన అప్పుడే అన్నారు. చెప్పలేదు. ఇతను చిన్న స్విచ్ తీసేస్తున్నప్పుడు కూడా పక్కనే ఉన్నాను, చెప్పలేదు."

మరిది తల తిప్పేసుకున్నాడు. మేడమ్మ మాత్రం కళ్ళార్పకుండా చూసింది.

"ఎందుకక్కా?"

"ఆగిపోతుందనుకున్నాను. ఆగిపోవాలనే కోరుకున్నాను. మీరు చల్లగా ఉండటం నాకు నచ్చలేదు. కాలుతుందని మాత్రం తెలియదు, పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టెయ్యకు" అంది మేడమ్మ. ఐదేళ్ళలో ఆ అమ్మాయి కత్తెరమ్మకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "నెల రోజులుగా ఆ గోడ పక్కన పడుకోబెడుతున్నది నీ పిల్లనే." లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కరెంటాయన దిగాడు. పెళ్ళాన్ని ఒక్క మాటనలేదు, అంటే బాగుండేదేమో. కొత్త వైరు కొనడానికి సంచీ తీసుకుని బయల్దేరుతుంటే కత్తెరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కొత్తది వద్దండీ. మన గదిలోది లాగండి."

అతను సంచీ కింద పెట్టి, "సరే, టార్చి పట్టుకో" అన్నాడు.

గోడ లోంచి వైరు జరజరా వచ్చేసింది. ఐదేళ్ళు గోడలో ఉంది, ఒక్క రోజూ కరెంటు మొయ్యలేదు. చివర కాస్త గీకితే రాగి తళతళమంది. దీనికోసమా తను రెండు రోజులు అన్నం దగ్గర ఏడ్చింది? పక్కనే నేల మీద పై వాటా నుంచి తీసిన వైరు నల్లగా, పెళుసుగా పడి ఉంది. రెండూ పక్కపక్కన చూడలేక కత్తెరమ్మ టార్చి వెలుగు గోడ మీదికి తిప్పేసింది. మెయిన్ కి కింది గదే దూరం గనక ఆ వైరు పైకి చక్కగా సరిపోయింది, జానెడు మిగిలింది కూడా. బోర్డు బిగించే ముందు కరెంటాయన మూత లోపల రాత ఒకసారి చూసుకున్నాడు. ఇప్పుడు చెరపాల్సిన పని లేదు.

నాలుగు రోజులకి అతను మళ్ళీ పనికి వెళ్ళిపోయాడు. గోడ చల్లబడింది గనక పిల్లి కిందికొచ్చేసింది, పీలికల గుట్టలో ముడుచుకుని పడుకుంది. కత్తెరమ్మ దాన్ని చూసి సంతోషపడబోయింది. ఎందుకో ఎక్కువసేపు నిలవలేదు. పైనుంచి "అక్కా" అన్న పిలుపు వినపడి పది రోజులైంది.

పదకొండో రోజు మధ్యాహ్నం పిచ్చుక అన్నం తిని, తల్లి మొహంలోకి చూసి, "వెళ్ళనా?" అని అడిగింది. ఇదివరకు అడిగేది కాదు. కత్తెరమ్మ తలూపింది. కాసేపాగి, ఉండబట్టలేక తనూ మెట్లెక్కింది. తలుపు ఓరగా ఉంది.

పిచ్చుక చాప పరుచుకుని నిలబడి ఉంది, ఇంకా పడుకోలేదు. మేడమ్మ గోడ దగ్గర ఉంది. స్విచ్చిబోర్డు పక్కన మొదలుపెట్టి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, అరచెయ్యి ఆనిస్తూ, ఆగుతూ, మళ్ళీ ఆనిస్తూ వస్తోంది. అలమర వెనక కూడా చెయ్యి దూర్చి చూసింది. పిచ్చుక ఓపిగ్గా నిలబడి ఉండటం చూస్తే ఇది రోజూ జరిగేదేనని తెలుస్తోంది. పిన్ని చూసి సరేననేదాకా పిల్ల పడుకోదు.

కత్తెరమ్మకి మళ్ళీ ఈర్ష్య పుట్టింది. గాలి మీద, బట్టల మీద, ఏసీ మీద ఎన్నో ఏళ్ళు ఏడ్చింది గానీ ఇంత ఈర్ష్య ఎన్నడూ ఎరగదు. ఆ చెయ్యి తనది కావాల్సింది. ఆ నెల రోజుల్లో ఒక్క రోజు, ఒక్కసారి, పిల్ల పడుకునే చోటికొచ్చి ఆ గోడ మీద చెయ్యి వేసి చూడాల్సింది తను. పిల్లి కోసం వచ్చింది గానీ పిల్ల కోసం రాలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మేడమ్మ చెయ్యి గోడ మీద ఆగిపోయింది.

"ఆ చివర నేను చూస్తాను" అంది కత్తెరమ్మ.

మేడమ్మ ఒక్క అడుగు పక్కకి జరిగి చోటిచ్చింది. కత్తెరమ్మ అరచెయ్యి గోడకి ఆనించింది. చల్లగా ఉంది. అయినా తియ్యలేదు, గోడ చివరిదాకా చూసుకుంటూ వెళ్ళింది.